మాట అందే దూరం

ఇల్లు విడిచి బయలుదేరిన ప్రతి మనిషికీ రెండు కోరికలు ఉంటాయి. ఒకటి, కొత్త చోట్లు చూడాలని. రెండవది, తన క్షేమం ఇంటివారికీ, ఇంటివారి క్షేమం తనకూ ఎప్పటికప్పుడు తెలుస్తూ ఉండాలని. మొదటి కోరికను చక్రం తీర్చింది. రెండవ కోరిక అంత సులభంగా తీరలేదు. హంసల చేతా మేఘాల చేతా కబుర్లు పంపిన కవుల ఊహలకు మూలం ఆ తీరని కోరికే. చేతిలోని ఫోను ఆ కోరికను ఎంతవరకు తీర్చింది? ఈ ప్రశ్నకు సమాధానం నాకు ఇంట్లో కూర్చున్నప్పుడు దొరకలేదు. ఇంటినే చక్రాల మీద పెట్టుకొని పరాయి దేశంలో తిరిగినప్పుడు దొరికింది.

చక్రాల మీద ఇల్లు మన ప్రాంతం వారికి కొత్త కాదు. మా చిన్నతనంలో రెండేళ్ళకు ఒకసారి మాఘమాసంలో జనగామ, మహబూబాబాద్ ప్రాంతాల పల్లెల నుండి ఎడ్లబండ్లు వరుసలు కట్టి మేడారం బయలుదేరేవి. బండికి పైకప్పుగా వెదురు గూడు, దాని మీద చాప. లోపల బియ్యం మూట, వంటపాత్రలు, పసిపిల్లలకు పక్కబట్టలు, అమ్మవార్లకు సమర్పించే బెల్లం. బండి కింద లాంతరు, వెనుక గడ్డిమోపు. పొద్దు గూకిన చోట ఎడ్లను విప్పి, మూడు రాళ్ళు పెట్టి వంట చేసుకొనేవారు. సమ్మక్క సారలమ్మల గద్దెలు దర్శించి, జంపన్న వాగులో మునిగి, ఇల్లు చేరేసరికి వారం పది రోజులు గడిచేవి. 2016లో కొత్త జిల్లాలు ఏర్పడినప్పుడు మేడారం జయశంకర్ భూపాలపల్లి జిల్లాలో చేరింది. 2019 నుండి అది ములుగు జిల్లాలో ఉన్నది. జిల్లాల పేర్లు మారినా ఆ అడవి దారి జ్ఞాపకం మాత్రం మా తరం మనసులో చెదరలేదు.

ఆ వారం పది రోజులూ బండిలో వెళ్ళినవారి గురించి ఇంట్లో ఉన్నవారికి ఏ సమాచారమూ అందేది కాదు. అయినా ఎవరూ కంగారు పడేవారు కాదు. బయలుదేరే ముందే మా తాత ఇంటి పెద్దలతో, “పున్నమి వెళ్ళిన నాలుగోనాటికి వస్తం. ఎడ్లు అలసిపోతే ఇంకొకనాడు పట్టవచ్చు” అని చెప్పి వెళ్ళేవాడు. ఆ ఒక్క మాట ఇంటికి ధైర్యంగా నిలిచేది. మౌనం ఎంతకాలం ఉంటుందో తెలిసినప్పుడు ఆ మౌనం భయపెట్టదు.

తరువాత టెలిఫోను వచ్చింది. జనగామ రైల్వేస్టేషను దారిలోని ఎస్.టి.డి. బూతు ముందు, పొద్దుపోయిన తరువాత చార్జీ తగ్గుతుందని, వరుసలో నిలబడినవారిలో నేనూ ఒకడిని. 1995 జులై 31న మన దేశంలో తొలి మొబైల్ ఫోన్ సంభాషణ కలకత్తా, ఢిల్లీ నగరాల మధ్య జరిగింది. అదే సంవత్సరం ఆగస్టు 15న సామాన్య ప్రజలకు ఇంటర్నెట్ సేవ మొదలయింది. కొద్ది సంవత్సరాలలో ఆ ఫోను మన పల్లెలకూ చేరింది. అయితే అప్పటి ఫోనుకు తనవైన సరిహద్దులు ఉండేవి. కాళేశ్వరం వద్ద గోదావరి ఒడ్డున నిలబడితే ఆవలి గట్టు మహారాష్ట్ర. నది దాటితే ఫోను మరొక సర్కిల్‌లోకి వెళ్ళేది, మాటకు అదనపు రుసుము పడేది. ‘రోమింగ్’ అనే మాటను భూపాలపల్లి ప్రాంతం వారు విదేశాలకు వెళ్ళి నేర్చుకోలేదు, గోదావరి ఆవలి గట్టునే నేర్చుకొన్నారు. మన నంబరు కలిగిన ఫోను పరాయి సంస్థ టవరు నీడలో తలదాచుకోవడమే రోమింగ్. ఆ ఆతిథ్యానికి రెండు సంస్థల మధ్య ముందే ఒప్పందం ఉండాలి. నది దాటినా సముద్రం దాటినా సూత్రం ఒక్కటే.

2023 జులైలో నేను అమెరికాలోని డెన్వర్ నగరంలో ఉన్న మా అమ్మాయి ఇంటికి వెళ్ళాను. వేసవి సెలవులలో యెల్లోస్టోన్ జాతీయ ఉద్యానవనం చూడాలని పిల్లలు నిశ్చయించారు. అది 1872లో ఏర్పడిన వనం. ఉత్తరంగా పోయే దారి 800 కిలోమీటర్లకు పైమాట. హోటళ్ళలో దిగకుండా, ఆర్.వి. అని అక్కడివారు పిలిచే వాహనాన్ని మా అల్లుడు పది రోజులకు అద్దెకు తీసుకొన్నాడు. దానిలో పడకలు, గ్యాసు పొయ్యి, ఫ్రిజ్, స్నానాలగది అన్నీ ఉన్నాయి. దానిని చూడగానే నాకు మేడారం బండి గుర్తుకు వచ్చింది. ఎడ్లకు బదులు ఇంజను, వెదురు గూటికి బదులు రేకు గోడలు. ఒక్క విషయంలో మాత్రం తేడా ఉన్నది. మా తాత బండికి ఇంటితో సంబంధం అవసరం లేదు. ఈ బండికి అనుక్షణం అవసరం. దారి చూపడానికి, రాత్రి విడిదికి చోటు కుదుర్చుకోవడానికి, మా అల్లుడు మధ్యలో రెండు రోజులు కార్యాలయపు పని చేయడానికి ఇంటర్నెట్ కావాలి. నాకైతే మరొక కారణం ఉన్నది. మహబూబాబాద్‌లో ఉంటున్న మా పెద్దక్కకు అంతకు ముందు ఏడాదే గుండెకు స్టెంట్ వేశారు. నన్ను ఎత్తుకొని పెంచిన మనిషి ఆమె. ఆమె కబురు వినకుండా నాకు పొద్దు గడవదు.

అందువల్ల ప్రయాణానికి వారం ముందే మా అమ్మాయి ఫోన్ల సంగతి చూసింది. నా భారతదేశపు సిమ్‌ను తీసివేయవద్దని మొదటే చెప్పింది. బ్యాంకు పంపే ఓ.టి.పి.లు ఆ నంబరుకే వస్తాయి, బంధువులకు తెలిసిన నంబరూ అదే. దానికి తక్కువ రోజుల రోమింగ్ ప్యాకు వేయించి, దాని డేటాను మాత్రం నిలిపివేసింది. డేటా కోసం అదే ఫోనులో స్థానిక ఇ-సిమ్‌ను ఎక్కించింది. ఇ-సిమ్ అంటే వేలితో పెట్టి తీసే ముక్క కాదు. ఫోనులోనే అమర్చి ఉన్న ఒక చిప్పు. క్యూ.ఆర్. కోడ్ చూపితే కొత్త సంస్థ వివరాలు దానిలోకి దిగుతాయి. ఆ దిగడానికి ఇంటర్నెట్ అవసరం కనుక ఆ పని ఇంట్లోనే ముగించాలి. వాట్సాప్ పాత నంబరుతోనే నడుస్తుంది, డేటా ఎవరిదన్న పట్టింపు దానికి లేదు.

ఇక్కడ ఒక చిక్కు ఉన్నది. ఏ దేశంలో కొన్న ఫోను అయినా అన్ని దేశాలలోనూ ఒకే విధంగా పనిచేయదు. ప్రతి దేశమూ మొబైల్ సేవలకు కొన్ని తరంగాల పట్టీలను కేటాయిస్తుంది. తక్కువ పౌనఃపున్యపు తరంగాలు ఎక్కువ దూరం పోతాయి, గోడలను కూడా కొంతవరకు దాటుతాయి. అమెరికా పల్లెలలో 600, 700 మెగాహెర్ట్జ్ పట్టీల మీద ఆధారపడిన టవర్లు చాలా ఉన్నాయి. ఆ పట్టీలను గుర్తించలేని ఫోను టవరు పక్కనే ఉన్నా చెవిటిదే. పైగా 2022లో అక్కడి పెద్ద సంస్థలు 3జీ సేవలను పూర్తిగా మూసివేశాయి. కనుక 4జీ మీద మాట్లాడే సౌకర్యం లేని పాత ఫోన్లు అక్కడ మూగపోతాయి. విదేశానికి ఫోను తీసుకుపోయేవారు ముందుగా తెలుసుకోవలసిన విషయాలు ఇవి.

వాహనంలో అందరికీ కలిపి సిమ్‌తో నడిచే ఒక చిన్న రౌటరు పెట్టుకొన్నాం. దానిలో వేసిన సిమ్, మా ఫోన్లలోని సంస్థది కాక మరొక సంస్థది. ఒక సంస్థ టవరు లేని చోట మరొక సంస్థ టవరు ఉండవచ్చునని ఈ ఏర్పాటు. రేకు గోడలు తరంగాలను అడ్డుకొంటాయి కనుక రౌటరు యాంటెనాను పైకప్పు మీద అమర్చారు. సిగ్నల్‌ను పెంచే పరికరాలు కూడా అంగళ్ళలో దొరుకుతాయి. అవి సన్నని సిగ్నల్‌ను బలపరచగలవే కాని, లేని సిగ్నల్‌ను పుట్టించలేవు. నీరు లేని బావిలో ఎంత పెద్ద మోటారు దింపినా ఫలితం ఉండదు కదా.

డెన్వర్ దాటి షయాన్ పట్టణం వరకు ఏ లోటూ రాలేదు. పెద్ద రహదారి పొడవునా టవర్లు ఉన్నాయి. రాలిన్స్ వద్ద ఆ రహదారిని విడిచి ఉత్తరానికి తిరిగిన తరువాత ఫోను మీది గీతలు ఒక్కొక్కటే తరిగిపోసాగాయి. ఇంత సంపన్న దేశంలో ఈ కొరత ఏమిటని నేను అడిగాను. మా అల్లుడు చెప్పిన లెక్క విని ఆశ్చర్యపోయాను. మేము ప్రయాణిస్తున్న వాయోమింగ్ రాష్ట్రం వైశాల్యంలో తెలంగాణకు రెండింతలకు పైగా ఉంటుంది. 2020 జనాభా లెక్కల ప్రకారం అక్కడి జనం 6 లక్షలకు లోపే. అంటే మన ఒక్క జనగామ జిల్లాలో ఉన్నంత మంది జనం, రెండు తెలంగాణలంత నేల మీద పరచుకొని ఉన్నారన్నమాట. టవరు నిలపడానికి అయ్యే ఖర్చు ఎక్కడైనా ఖర్చే. దానిని వాడుకొనేవారు లేని చోట ఏ వ్యాపార సంస్థ అయినా ఎందుకు నిలుపుతుంది? సిగ్నల్ నేలను అనుసరించదు, జనాన్ని అనుసరిస్తుంది.

రాత్రి విడిదులలో వైఫై ఉన్నదని బోర్డులు కనిపించేవి. ఆర్.వి.లు నిలుపుకొనే అటువంటి చోట్లలో కరెంటు, నీరు ఇచ్చినట్లే ఇంటర్నెట్ కూడా ఇస్తారు. కాని సాయంత్రం కాగానే వంద కుటుంబాలవారు ఒకేసారి సినిమాలు చూడడానికి కూర్చుంటారు. మంచి స్పష్టతతో ఒక గంట సినిమాకు సుమారు 3 జీబీల డేటా ఖర్చవుతుంది. వేసవిలో ఊరంతటికీ ఒక్కటే కుళాయి ఉంటే ధార ఎట్లా సన్నబడుతుందో అట్లాగే అయ్యేది. తెల్లవారుజామున లేచి చూస్తే అదే వైఫై చురుకుగా పనిచేసేది. మా అల్లుడు తన పనికి ఊళ్ళలోని గ్రంథాలయాలను ఆశ్రయించాడు. అక్కడ ఎవరైనా ఉచితంగా కూర్చొని వాడుకోవచ్చు. అయితే అటువంటి చోట్ల బ్యాంకు లావాదేవీలు చేయకుండా ఉండడం క్షేమం.

మూడవనాటి సాయంత్రం డుబోయిస్ అనే చిన్న ఊరు దాటి కొండ ఎక్కుతున్నాం. ఎదుట 9,600 అడుగులకు పైగా ఎత్తున్న కనుమ. రాత్రి ఎనిమిదిన్నర అయినా అక్కడ ఇంకా వెలుతురు ఉన్నది. మన దేశంలో అప్పుడు మరునాటి ఉదయం ఎనిమిది గంటలు. ఒకే ఒక గీత చూపిస్తున్న నా ఫోను మోగింది. భూపాలపల్లి సింగరేణి గనిలో పనిచేస్తున్న మా మేనల్లుడి గొంతు తెగి తెగి వినిపించింది. “మామా, అమ్మ వాకిట్ల జారి పడ్డది. తుంటి విరిగిందట. వరంగల్ దవాఖానకు తెచ్చినం. స్టెంట్ ఎప్పుడు వేసిండ్రు, ఏ గోళీలు వాడుతున్నదని డాక్టర్లు అడుగుతున్నరు. కాగితాలు నీ దగ్గరనే…” అంతలో మాట తెగిపోయింది.

ఆ కాగితాలు జనగామలో మా ఇంటి బీరువాలో ఉన్నాయి. వాటి ఫోటోలు నా ఫోనులో ఉన్నాయి. రక్తాన్ని పలుచన చేసే మందు వాడుతున్న మనిషికి, ఆ సంగతి తెలియకుండా శస్త్రచికిత్స చేస్తే ఎంత ప్రమాదమో నాకు తెలుసు. వెంటనే బండి ఆపమన్నాను. మా అల్లుడు దారి పక్కన వాహనాలు నిలిపే ఖాళీ చోటున ఆపాడు. “మామయ్యా, ఇక్కడి నుండి ముందుకు పోతే ఈ ఒక్క గీతా ఉండదు. పని అయ్యేదాకా ఇక్కడే ఉందాం” అన్నాడు. ఫోటో పంపడానికి ప్రయత్నించాను. తెర మీద సున్న తిరుగుతూనే ఉన్నది, ఫోటో కదలలేదు. రౌటరు కూడా చేతులెత్తేసింది.

అప్పుడు మా అమ్మాయి, “నాన్నా, ఫోటో వద్దు. మందుల పేర్లు అక్షరాలలో రాసి మామూలు ఎస్.ఎం.ఎస్. పంపండి” అన్నది. ఆమె సలహాలో గొప్ప సత్యం ఉన్నది. ఒక ఎస్.ఎం.ఎస్. బరువు 140 బైట్లు మాత్రమే. ఇంగ్లీషు అక్షరాలైతే 160, తెలుగు అక్షరాలైతే 70 దానిలో పడతాయి. నా ఫోటో బరువు 3 ఎంబీలు, అంటే ఇరవై వేల రెట్లకు పైమాట. నిండు బండి దాటలేని సన్నని ఒడ్డు మీద ఒంటరి మనిషి దాటిపోగలడు. అమ్మాయి ఫోటో చూస్తూ చదివింది, నేను రాశాను. మందు పేరు, మోతాదు, స్టెంట్ వేసిన తేదీ, పడని మందు ఒకటి. నాలుగు సందేశాలుగా పంపాను. చివర మరొకటి చేర్చాను. ‘రేపు మధ్యాహ్నం వరకు మాకు ఫోన్ కలవదు. గాబరా పడకు. నీకు ఈ రాత్రి అవుతుంది. సిగ్నల్ దొరకగానే నేనే చేస్తాను.’

ఆ కొండ మీద ఇరవై నిమిషాలు గడిచాయి. ఎవరమూ మాట్లాడలేదు. మనవరాలు కూడా నా చేతిలోని ఫోనునే చూస్తూ కూర్చున్నది. చివరకు ఒక చిన్న ధ్వని వినిపించింది. ‘అన్నీ అందినయి మామా. డాక్టర్లకు చూపిన. నువ్వు నిమ్మళంగ పో’ అని ఉన్నది. మా బండి అప్పుడు కదిలింది. కనుమ దాటగానే ఫోను మీద సిగ్నల్ పూర్తిగా ఆరిపోయింది. ఆ రాత్రి అడవిలో దిగిన విడిదిలో చుక్కలు తప్ప మరే వెలుగూ లేదు. అక్క గురించి ఆందోళన ఉన్నది. కాని చేయవలసినది చేశామన్న ఊరట, మా మౌనం ఎంతసేపో వారికి తెలుసునన్న ధైర్యం, ఆ రెండూ నాకు నిద్ర పట్టించాయి.

మరునాడు మధ్యాహ్నం యెల్లోస్టోన్‌లో ఓల్డ్ ఫెయిత్‌ఫుల్ అనే వేడినీటి చిమ్మెన వద్దకు చేరాం. ఆ వనంలో సిగ్నల్ దొరికే కొద్ది చోట్లలో అది ఒకటి. ఇంచుమించు గంటన్నరకు ఒకసారి నీరు వంద అడుగులకు పైగా ఎగసిపడుతుంది. వేలాది మంది ఒకేసారి ఫోన్లు ఎత్తి ఆ దృశ్యాన్ని పంపాలని ప్రయత్నించడంతో సిగ్నల్ ఉన్నా కదలిక లేదు. జనం చెదిరేదాకా వేచి ఉండి మేనల్లుడికి ఫోను చేశాను. మందు సంగతి ముందే తెలియడం వల్ల వైద్యులు దానికి తగిన జాగ్రత్తలు తీసుకొని శస్త్రచికిత్సకు సిద్ధమవుతున్నారని చెప్పాడు. రెండు రోజుల తరువాత శస్త్రచికిత్స నిర్విఘ్నంగా జరిగింది. అక్క నాతో మాట్లాడుతూ, “తమ్మీ, నా కోసం తిరుగుడు ఆపకు. చూసిందంతా నాకు వచ్చి చెప్పు” అన్నది.

టవర్లు లేని చోట ఉపగ్రహాలు ఆదుకొంటాయి కదా అని కొందరు అడుగవచ్చు. నిజమే. పాత ఉపగ్రహాలు భూమికి దాదాపు 36,000 కిలోమీటర్ల ఎత్తున ఉంటాయి కనుక మాట పోయి రావడానికి ఆలస్యమయ్యేది. స్టార్‌లింక్ వంటి కొత్త ఉపగ్రహాలు సుమారు 550 కిలోమీటర్ల ఎత్తునే తిరుగుతూ వేగంగా పనిచేస్తాయి. 2022లో ఆ సంస్థ ఆర్.వి. ప్రయాణికుల కోసమే ఒక సేవను ప్రారంభించింది. మా పక్క విడిదివారి వద్ద ఆ పళ్ళెం ఉన్నది. కాని దానికి విశాలమైన ఆకాశం కనిపించాలి, పైన దట్టమైన చెట్లు ఉంటే తడబడుతుంది. కరెంటు కావాలి, నెలనెలా రుసుము కట్టాలి. ఏ సాధనమూ దారి అంతటికీ సరిపోదని, ఒకటి తప్పినప్పుడు మరొకటి ఆదుకొనేటట్లు ఏర్పాటు చేసుకోవాలని ఆ ప్రయాణం నాకు నేర్పింది. దారి పటాలను ముందే ఫోనులో దింపుకోవాలి, కాగితపు పటం ఒకటి బండిలో ఉంచుకోవాలి, అత్యవసర నంబరు తెలుసుకొని ఉండాలి. అమెరికాలో అది 911, మన దేశంలో 112.

తిరిగి వచ్చిన తరువాత నా ఆలోచన మన అడవి పల్లెల వైపు మళ్ళింది. 2020లో కరోనా కారణంగా పాఠాలు ఫోన్లలోకి మారినప్పుడు, ఏజెన్సీ పల్లెల పిల్లలు సిగ్నల్ కోసం గుట్టలు ఎక్కారు. వాయోమింగ్ కొండల మీద మాకు ఇరవై నిమిషాలు ఎదురైన కష్టం వారికి నిత్యకృత్యం. కారణమూ అదే. జనం పలుచగా ఉన్న చోటికి వ్యాపారం నడిచిపోదు. అందుకే మన దేశంలో 2002లో సార్వత్రిక సేవా నిధిని ఏర్పరచారు. టెలిఫోను సంస్థల ఆదాయంలో కొంత భాగాన్ని తీసుకొని, లాభం రాని మారుమూల ప్రాంతాలలో సేవలు కల్పించడం దాని ఉద్దేశం. అది ఇప్పుడు డిజిటల్ భారత్ నిధిగా మారింది. మేడారం జాతర సమయంలో తాత్కాలికంగా టవర్లు నిలిపి లక్షల మందికి మాట అందిస్తున్నారు. జాతర ముగిసి జనం వెళ్ళిపోయిన తరువాత కూడా ఆ అడవిలో మనుషులు ఉంటారు, వారికీ జబ్బులు వస్తాయి, వారి పిల్లలకూ చదువులు ఉంటాయి. ఆ సంగతి మరువకపోవడమే ప్రభుత్వం బాధ్యత.

మాట అందడం ఆకాశం ఇచ్చే వరం కాదు. దాని వెనుక టవరు ఎక్కిన కార్మికుని శ్రమ ఉన్నది, రెండు దేశాల సంస్థల ఒప్పందం ఉన్నది, లాభం లేని చోట కూడా సేవ అందాలనే సంకల్పం ఉన్నది. వీటికి తోడు ప్రయాణికుడు చూపవలసిన శ్రద్ధ ఒకటి ఉన్నది. మన కోసం ఎదురుచూసేవారికి, ఎప్పుడు పలుకుతామో ఎప్పుడు పలకలేమో ముందుగా చెప్పి కదలడం. చదువుల కోసం, కొలువుల కోసం రేపు మీలో ఎందరో దూర దేశాలకు వెళ్ళబోతున్నారు. మీ సంచిలో మంచి ఫోనుతో పాటు ఈ అలవాటునూ పెట్టుకొని వెళ్ళండి. సిగ్నల్ లేని దారి ఎప్పుడో ఒకప్పుడు వస్తుంది. అప్పుడు మీరు ముందుగా ఇచ్చిన మాటే మీ ఇంటివారికి తోడుగా ఉంటుంది.